కదలని తంబాకు

వంశీధర్‌రావు ఫోన్‌లో ఇరవై రెండు సెకన్ల వీడియో ఒకటి ఉంది. పొద్దుటి నుంచి దాన్ని తొమ్మిది మందికి చూపించాడు. పదోసారి నవనీతకు చూపిస్తున్నాడు.

వీడియోలో హర్షిణి అనే డిగ్రీ అమ్మాయి మేడ మీద నిలబడి కొత్త చీర కొంగు విసురుతూ నవ్వుతోంది. ఆ నవ్వుతో లచ్చయ్య హత్య కేసుకు పని లేదు. వెనక వినిపిస్తున్న చప్పుడుతోనే పనంతా. నాలుగు మరమగ్గాలు ఒకదాన్నొకటి తరుముతున్నట్టు టకటకమని మోగుతున్నాయి. హుస్నాబాద్ నేతవాడలో మరమగ్గాన్ని సాంచె అంటారు.

“టైం చూడు,” అన్నాడు వంశీధర్‌రావు. “నిన్న మధ్యాహ్నం రెండు ముప్పై ఒకటి. లచ్చయ్య సచ్చింది రెండు పన్నెండుకు, రెండు యాభైకి నడుమ. గా టైంల గీ వాడల నడిచినయి రాంచందర్ సాంచెలే. మిగిలినోళ్లందరు అమాస అని బంద్ పెట్టిండ్రు. రాంచందర్ షెడ్డుల ఉన్నడు. ఇగ మిగిలింది ఎవరు? సాయిచంద్.”

“చప్పుడు ఉంటే మనిషి ఉన్నట్టేనా?”

“నువ్వే చెప్పు. నేతోళ్ల బిడ్డవు.”

అదీ అతని పద్ధతి. మర్యాదగా, నవ్వుతూ, ఎదుటివాళ్ల నోటితోనే తన మాట చెప్పిస్తాడు. నవనీతకు ఒళ్లు మండింది. ఎందుకంటే అతను చెప్పింది నిజం. సాంచె మనిషి లేకుండా నడవదు. దారాన్ని అటూ ఇటూ మోసే నాడె లోపల కండె మీద దారం ఐదు నిమిషాల్లో అయిపోతుంది, అయిపోగానే సాంచె ఆగిపోతుంది. కండె మార్చి మళ్లీ నడిపేందుకు మనిషి పక్కనే ఉండాలి. నాలుగు సాంచెలు మధ్యాహ్నమంతా మోగాయంటే ఒక మనిషి మధ్యాహ్నమంతా వాటి మధ్య తిరిగినట్టే.

ఇద్దరూ ఒకే బ్యాచ్ ఇన్‌స్పెక్టర్లు. ఎవరు ముందు తేలుస్తారో చూద్దామనుకున్నాడో ఏమో, పై అధికారి ఇద్దరినీ ఒకే కేసు మీదికి పంపాడు. పోయిన ఏడు కూడా ఇలాగే పంపాడు. లక్సెట్టిపేట కేసులో మూడు రోజులు గోదావరి ఇసుకలో తిరిగి దొంగల బండి జాడ పట్టింది నవనీత. పతకం పడింది వంశీధర్‌రావు ఛాతీ మీద. పేపర్లో ఫోటో కూడా వేశారు. ఫోటో అంచున ఒక ఖాకీ మోచెయ్యి కనబడుతుంది. ఆ మోచెయ్యి నవనీతది. ఆ పేపరు ముక్క ఇప్పటికీ ఆమె సొరుగులో ఉంది. ఎందుకు దాచుకున్నావంటే చెప్పలేదు గాని, వారానికోసారి తీసి చూస్తుంది, చూసిన రోజు అన్నం సరిగ్గా తినదు.

“ఐదింటికి ప్రెస్ మీట్,” అన్నాడు వంశీధర్‌రావు ఫోన్ జేబులో పెట్టుకుంటూ. “తర్వాత సాయిచంద్‌ను జడ్జి ముంగట పెడుత. నువ్వు కూడ రా. ఫోటోల ఉందువు.”

చివరి మాట అతను మంచికే అన్నాడేమో. నవనీత పళ్లు నూరుకుంది. గడియారంలో మూడు దాటి ఐదు నిమిషాలైంది.

*

సాయిచంద్ చీరల డిజైన్లు గీసే లచ్చయ్య దగ్గర పని నేర్చుకుంటున్న ఇరవై మూడేళ్ల కుర్రవాడు. నిన్న మధ్యాహ్నం రెండు గంటలకు ఇంట్లో అన్నం తిని బయల్దేరాడు. రెండు ఐదుకు లచ్చయ్య డిజైన్లు గీసుకునే గదికి చేరాడు. బస్టాండుకు రంగు దారాల పార్సిల్ వచ్చింది, తెమ్మని లచ్చయ్య పంపాడట. రెండు పన్నెండు దాకా లచ్చయ్య హైదరాబాద్‌లోని కూతురితో ఫోన్‌లో మాట్లాడాడు. రెండు యాభైకి సాయిచంద్ తిరిగొచ్చేసరికి గురువు నేల మీద పడి ఉన్నాడు. తల పగిలింది. పక్కన ఒక చెక్క కర్ర, సాంచెలో నాడెను అటూ ఇటూ కొట్టేది. కుర్రవాడు ఆయన తల ఒళ్లో పెట్టుకుని అరిచాడు. వాడంతా పరుగెత్తుకొచ్చేసరికి చేతులనిండా రక్తం. పొద్దున ఇద్దరూ ఏదో రంగు గురించి గొడవపడ్డారని నలుగురు చెప్పారు. బస్టాండులో పార్సిల్ రాలేదు, కుర్రవాణ్ని చూసిన గుర్తు ఎవరికీ లేదు.

వంశీధర్‌రావుకు ఇంతకన్నా ఏం కావాలి?

నవనీత రాంచందర్ షెడ్డులోకి అడుగుపెట్టింది. బయట కాపలా ఉన్న కానిస్టేబుల్ రాజేశం లేచి సెల్యూట్ కొట్టాడు. అతను వంశీధర్‌రావు మనిషి. ప్రధాన సాక్షి కదా అని రాంచందర్‌కు కాపలా పెట్టారు.

లోపల నాలుగు సాంచెలూ ఆగి ఉన్నాయి. గోడల మీద, దూలాల మీద, ట్యూబ్‌లైటు మీద తెల్లటి దూది నూగు. రాంచందర్ తలమీద కూడా అదే నూగు. యాభై ఐదేళ్ల సన్నపాటి మనిషి. స్టూలు తుడిచి వేశాడు. ఆమె కూర్చోలేదు.

“నిన్న అమాస. వాడంత బంద్. నువ్వొక్కనివే ఎందుకు నడిపినవ్?”

“ఆర్డర్ ఉన్నది మేడం. శుక్రారం లారీ వస్తది.”

“ఎన్ని గంటలకు షురూ చేసినవ్?”

“ఒంటిగంటన్నరకు. నాలుగు దాక నడిపిన.”

“నడుమ ఎక్కడన్న పోయినవా?”

“ఎట్ల పోత మేడం? నాలుగు సాంచెలు, ఒక్కణ్ని. గీ కండె మారిస్తె గా కండె అయిపోతది. చాయ తాగే సందు గూడ ఉండది. వాడంత విన్నది, అడుగుండ్రి.”

అడిగారు. వాడంతా విన్నది. అమావాస్య నాడు సాంచె నడుపుతున్నాడేమిటని వాడంతా చెవులు కొరుక్కున్నది కూడా. నవనీత తండ్రి ముప్పై ఏళ్లు సాంచె నడిపాడు. ఇంట్లో బియ్యం లేని నాడు కూడా అమావాస్యకు సాంచె ముట్టుకోలేదు. ఇతను ముట్టుకున్నాడు, అదీ అందరూ గుర్తుపెట్టుకునే రోజున.

“లచ్చయ్య నీకేమైతడు?”

“దోస్తు. ఇద్దరం ఒక్క షెడ్డుల పని నేర్సినం. ముప్పై యేండ్లయ్యింది.”

“ఆయన చీర చూడనీకి హైదరాబాద్ నుంచి పెద్దోళ్లు వచ్చిండ్రట గద.”

రాంచందర్ చేయి సాంచె అంచు మీద ఉంది. వేళ్లు బిగుసుకున్నాయి.

“వచ్చిండ్రు. శాలువ కప్పిండ్రు. ఫోటోలు తీసిండ్రు.” తనలో తాను అన్నట్టు అన్నాడు. “గా డిజైను దిగింది నా మూడో సాంచె మీద. తెగిన దారాలు అతికింది నేను. ఆర్నెల్లు. పేరు ఆయనకు. ఫోటోల నా మోచెయ్యి గూడ రాలే.”

నవనీత అతని ముఖంలోకి చూసింది. సొరుగులోని పేపరు ముక్కను ఎవరో తీసి గట్టిగా చదివినట్టనిపించింది.

“కండ్లమంటనా?” అని అడిగింది నెమ్మదిగా.

“అయ్యో, గదేం లే మేడం. దోస్తు బాగుపడితె మనకు సంతోషమే గద.”

పోయిన ఏడు పై అధికారి గదిలో ఆమె అచ్చం ఇదే మాట అన్నది. ‘వంశీకి పతకం వస్తే నాకు సంతోషమే సార్’ అన్నది. అది ఎంత పచ్చి అబద్ధమో ఆమెకు తెలుసు. అందుకే రాంచందర్ అబద్ధం ఆమెకు అంత తేలిగ్గా దొరికింది. సాక్ష్యాలు ఇంకా దొరకలేదు గాని, హంతకుడెవరో ఆ క్షణంలోనే తెలిసిపోయింది.

ఆమె కళ్లు షెడ్డంతా తిరిగాయి. గోడ అలమరలో రేడియో అంత స్పీకర్ డబ్బా ఒకటి. షెడ్డులో ప్రతి వస్తువు మీదా వేలు మందం నూగు ఉంది. డబ్బా మీద మాత్రం లేదు.

“పాటలు వింటవా?”

“ఆఁ... అప్పుడప్పుడు.”

“గీ చప్పుట్ల పాటలు ఎట్ల వినవడ్తయి?”

“బంద్ ఉన్నప్పుడు వింట మేడం.”

బంద్ ఉండేది అమావాస్యకు. నిన్నటి అమావాస్యకు ఇతను పని చేశానంటున్నాడు. నవనీత మరో ప్రశ్న వేయకుండా బయటికి నడిచింది. సాంచెలు నడుస్తుండగా ఫోన్‌లో ఆ చప్పుడు ఎక్కించుకుని, తర్వాత స్పీకర్లో పెట్టి పోవడం ఎంతసేపు పని? కండె మార్చేటప్పుడు ఆగిన చప్పుడుతో సహా ఎక్కుతుంది. రాని పార్సిల్ వచ్చిందని లచ్చయ్యకు కబురు పెట్టి కుర్రవాణ్ని దూరం చేసిందీ ఇతనే కావచ్చు. కానీ పెట్టాడని రుజువేది? ఫోన్‌లోంచి ఆ ముక్క ఈపాటికి చెరిపేసి ఉంటాడు. చప్పుడు విన్న వాడంతా అతనికే సాక్ష్యం.

విననివాళ్లు ఎవరైనా ఉన్నారా?

ఫైల్లో వంశీధర్‌రావు చేతిరాతతో ఒక వరుస ఉంది. ‘సక్కుబాయి, నిందితుని తల్లి, షెడ్డు పక్కిల్లు. పూర్తిగా చెవుడు. చెప్పేదేమీ లేదు.’

*

షెడ్డుకూ సక్కుబాయి ఇంటికీ ఒకటే గోడ, ఒకటే నాపరాళ్ల నేల. రాంచందర్ తండ్రి రెండూ కలిపి కట్టించి, పక్క భాగం కిరాయికిచ్చాడు. వెనక పెరడు కూడా ఇద్దరికీ ఒకటే.

సక్కుబాయి గోడకు ఆనుకుని కూర్చుని బీడీలు చేస్తోంది. కొడుకు ఠాణాలో ఉన్నాడు, చేతులు మాత్రం ఆగలేదు. అవి ఆగితే ఏడుపు ఆగదేమో. ఎదురుగా బోర్లించిన గిన్నె మీద స్టీలు పళ్లెం, పళ్లెంలో తంబాకు. చేతికందేలా తిప్పుకోవడానికి అలా గిన్నె మీద నిలబెట్టుకుంది.

నవనీత పిలవలేదు. చెప్పు విడిచి, మడిమతో నేల మీద రెండుసార్లు కొట్టింది. సాంచెల షెడ్డులో ఎవరి అరుపూ ఎవరికీ వినపడదు. పిలవాలంటే నేలను కొడతారు, ఎదుటివాడి అరికాలికి తెలుస్తుంది. సక్కుబాయి వెంటనే తల ఎత్తింది.

“పెద్దమ్మా, నేను నవనీత. పోలీసు,” అంది. గొంతు బయటికి రాకుండా పెదవులు మాత్రం నింపాదిగా కదిలించింది. ఇది కూడా షెడ్డు భాషే. ఆమె తల్లీ తండ్రీ సాంచెల మధ్య ఇలాగే పోట్లాడుకునేవాళ్లు.

సక్కుబాయి ముఖం వెలిగింది. “గట్ల మాట్లాడు బిడ్డా. గిప్పుడు తెలుస్తుంది. పొద్దుగాల ఒక సారు వచ్చిండు. చెవుల దగ్గర నోరు పెట్టి ఒర్లిండు. ఒర్లితె మూతి వంకర పోతది గని మాట ఏం తెలుస్తది?”

నవనీతకు లోపల చిన్న పండగ అయింది. ముఖం మీదికి రాకుండా ఆపుకుంది.

“నిన్న పగటీలి ఇక్కడనే ఉన్నవా?”

“ఇక్కడనే. నా పోరడు రెండింటికి అన్నం తిని పోయిండు. నేను బీడీలకు కూసున్న. నా పోరణ్ని ఎప్పుడు ఇడుస్తరు బిడ్డా? వాడు లచ్చయ్యను బాపు లెక్క చూస్తడు. చీమను గూడ తొక్కడు.”

“ఇడుస్తం పెద్దమ్మా. పక్క షెడ్డుల సాంచెలు నడిచినయా నిన్న?”

“నడిచినయి. నా పోరడు పోయినంక సగం కట్ట చేసిన. అప్పటిదాక నడిచినయి. తర్వాత ఆగినయి.”

“ఆగినయా? నీకెట్ల తెలుసు?”

సక్కుబాయి పళ్లెం వైపు చూపించింది, ఇది కూడా తెలియదా అన్నట్టు. “సాంచె నడిస్తె తంబాకు కూసుంటదా? అంచులకు పోతది, గీతలు గీతలుగ కూడుతది. నేను మల్ల నడుమకు జరుపుకుంట. నిన్న ఆగినంక మూడు కట్టలు చేసిన. ఒక్కసారి గూడ జరుపలే. నా పని జల్ది అయ్యింది. అమాస గద, ఆపినట్టున్నడు అనుకున్న. మూడు కట్టలైనంక మల్ల షురూ చేసిండు.”

“కట్ట చేయనీకి ఎంతసేపు పడ్తది?”

“ఇరవై ఐదు బీడీలు. పావుగంట.”

సగం కట్ట అంటే ఏడెనిమిది నిమిషాలు. రెండు గంటల ఎనిమిది నిమిషాల నుంచి సుమారు రెండు యాభై ఐదు దాకా. హర్షిణి మేడ మీద కొంగు విసిరింది రెండు ముప్పై ఒకటికి. ఆ సమయంలో వాడంతా సాంచెల చప్పుడు విన్నది. గోడకు ఆనుకుని కూర్చున్న సక్కుబాయి పళ్లెంలో తంబాకు మాత్రం కదలలేదు.

నవనీత డిగ్రీలో చదివింది భౌతికశాస్త్రమే. ఒకటి ఊగితేనే చప్పుడు పుడుతుంది, ఆ ఊపు గాలిలోనూ పోతుంది, రాతిలోనూ పోతుంది, రాతిలో ఇంకా జోరుగా పోతుంది. సాంచె నాడెను కొట్టిన ప్రతిసారీ నేలను కూడా కొడుతుంది. స్పీకర్ డబ్బా గాలిని మాత్రమే కొట్టగలదు. రాంచందర్‌కు ఈ సంగతి తట్టలేదు. ముప్పై ఏళ్లుగా ఊగే నేల మీదే నిలబడ్డవాడికి నేల ఊగుతుందన్న సంగతే మరపున పడింది. పైగా పక్కింట్లో ఉన్నది చెవిటి మనిషి, ఆమెను లెక్కలోకే తీసుకోలేదు. వాడలో మిగతా సాంచెలు నడుస్తుంటే వాటి అదురు ఈ గోడకూ వచ్చి తంబాకు కదిలేది. అమావాస్యను ఏరికోరి పట్టుకుని తన మెడకు తానే చుట్టుకున్నాడు.

ఆమె బయటికి పోయి షెడ్డు గుమ్మంలోంచి అంది. “రాంచందర్, జర నాలుగు సాంచెలు నడుపు. బయటికి ఎంత దూరం వినవడ్తదో చూడాలె.”

తిరిగొచ్చి పళ్లెం ముందు కూర్చుంది. గోడ అవతల ఒకటి, రెండు, మూడు, నాలుగు సాంచెలు అందుకున్నాయి. అరికాళ్ల కింద రాయి సన్నగా వణికింది. పళ్లెంలో తంబాకు పొడి ముందు బెదిరినట్టు చెదిరింది, తర్వాత మెల్లగా జరిగి అంచున ఒక గీత, దానికి లోపల ఇంకో గీత కట్టింది. నవనీత ఫోన్‌లో అదంతా తీసుకుంది.

ఇక్కడే ఆమె తప్పు చేసింది. తెలియక చేసిన తప్పు కాదది.

ఆ నిమిషంలోనే వంశీధర్‌రావుకు ఫోన్ చేసి ఉండాల్సింది. కనీసం రాజేశాన్ని పిలిచి ఈ గుమ్మంలో కూర్చోబెట్టి ఉండాల్సింది. రాజేశానికి చెబితే అర నిమిషంలో వంశీధర్‌రావుకు చేరుతుంది. ఐదు గంటలకు మైకుల ముందు అతనే పళ్లెం పట్టుకుని నవ్వుతూ నిలబడతాడు. నవనీతకు ఆ బొమ్మ కళ్ల ముందు కట్టింది. దాని పక్కనే ఇంకో బొమ్మ. ప్రెస్ మీట్ మధ్యలో తాను లోపలికి పోతుంది, పళ్లెం బల్ల మీద పెడుతుంది, వంశీధర్‌రావు ముఖం మాడిపోతుంది. రెండో బొమ్మ ఎంత తియ్యగా ఉందంటే, దాన్ని వదులుకోవడం ఆమె వల్ల కాలేదు.

“పెద్దమ్మా, ఐదింటికి వచ్చి నిన్ను తోల్కపోత. అప్పటిదాక ఎవ్వరికి ఏం చెప్పకు,” అంది పెదవులతో.

“నా పోరడు ఇంటికొస్తడా?”

“రాత్రి బువ్వ నీ చేతితోనే తింటడు.”

వెనక పెరట్లోంచి బయటికి వస్తుంటే, షెడ్డు వెనక తలుపు దగ్గర రాంచందర్ చేతులు తుడుచుకుంటూ నిలబడి ఉన్నాడు. ఆమెను చూశాడు. ఆమె వచ్చిన గుమ్మాన్ని చూశాడు. నిన్న అతను షెడ్డులోంచి బయటపడింది ఆ పెరట్లోంచే. ‘అన్ని దిక్కుల వినవడ్తుందా మేడం?’ అని మర్యాదగా అడిగాడు. వినపడుతోందని చెప్పి ఆమె వెళ్లిపోయింది. సమయం మూడు నలభై.

*

నాలుగున్నరకు ఠాణాలో వంశీధర్‌రావు అద్దం ముందు టోపీ సరిచేసుకుంటున్నాడు.

“ప్రెస్ మీట్ ఆపు,” అంది నవనీత. అసలు చెప్పకూడదనుకుంది. కటకటాల వెనక సాయిచంద్ మోకాళ్ల మధ్య తల పెట్టుకుని కూర్చోవడం కనబడింది. తల్లికిచ్చిన మాట గుర్తొచ్చింది.

“ఎందుకు?”

“నీ వీడియో తప్పు.”

“ఫోన్ తప్పు చెప్తదా? చప్పుడును గ్రాఫ్ గూడ తీయించిన. సెకనుకు రెండు దెబ్బలు. నాలుగు సాంచెలు. అంత పక్కా.”

“గా గ్రాఫ్ ఎక్కడి నుంచి మొదలైతది?”

అతను కాగితం తీసి చూశాడు. “ఇరవై నుంచి. సెకనుకు ఇరవై కంపనాలు. దానికన్న తక్కువ మనిషి చెవికి అందయి గద.”

“చెవికి అందయి. కాలికి అందుతయి. సాంచె నేలను సెకనుకు రెండుసార్లు ఊపుతది. గా ఊపు నీ ఫోనుకు వినరాదు, రాంచందర్ షెడ్డుల ఉన్న గంత చిన్న స్పీకర్ డబ్బకు పుట్టియ్యరాదు. నువ్వు విన్నది సగం చప్పుడు వంశీ. రెండో సగం నేలల ఉన్నది. నిన్న రెండు ముప్పై ఒకటికి నేల కదలలే.”

వంశీధర్‌రావు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. అతను తెలివితక్కువవాడు కాదు. ఆమెకు అసలు మంట అక్కడే.

“కదలలేదని ఎవరు చెప్పిండ్రు?”

“సాక్షి ఉన్నది.”

“ఎవరు?”

“ఐదింటికి చూద్దువు.”

“నవనీతా, ఎవరు?”

“నీ ఫైల్లనే ఉన్నది. చెప్పేదేమీ లేదని రాసినవ్.”

అతనికి అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. “సాయిచంద్ అవ్వనా? చెవిటిది. అందుల తల్లి. కోర్టుల ఎవరు నమ్ముతరు?”

“నేను అడిగింది సాంచెల గురించి. అదెందుకు అడిగిన్నో ఆమెకు తెల్వది. కొడుకుతోని సంబంధం ఉందని గూడ తెల్వది. అబద్ధం చెప్పేటోళ్లు బీడీలు లెక్కపెట్టి టైం చెప్తరా? తంబాకు కదిలిన వీడియో నా దగ్గర ఉన్నది. సాంచెలు మల్ల నడిపిపిచ్చి చూసిన.”

“ఎవరు నడిపిండ్రు?”

“రాంచందర్.”

“రాంచందర్‌తోని నడిపిపిచ్చి, నువ్వు పోయి ఆమె ఇంట్ల కూసున్నవ్. వాడు చూసిండా నిన్ను?”

నవనీతకు పెరటి తలుపు, తుడుచుకుంటున్న చేతులు, మర్యాద మాట గుర్తొచ్చాయి.

“ఆమె దగ్గర ఎవరిని పెట్టి వచ్చినవ్?” అన్నాడు వంశీధర్‌రావు. ఈసారి గొంతులో నవ్వు లేదు.

“ఎవర్ని పెట్టలే.”

“రాజేశం పక్కనే ఉన్నడు గద!”

“రాజేశం నీకు చెప్తడని పెట్టలే,” అంది. ఆ మాట బయటికి వచ్చాక ఎంత చిన్నదిగా వినిపించిందో ఆమెకే సిగ్గనిపించింది. “ఫోటోల నువ్వే ఉంటవని పెట్టలే. చాలా?”

వంశీధర్‌రావు ఆమెను ఒక క్షణం చూశాడు. ఫోన్ తీసి రాజేశానికి కలిపి స్పీకర్లో పెట్టాడు.

“రాజేశం, రాంచందర్ ఎక్కడున్నడు?”

“లోపలనే ఉన్నడు సార్. ముంగటి తలుపు దగ్గరికేసుకుని సాంచెలు నడుపుతుండు. అర్ధగంట అయ్యింది. చప్పుడు వినవడ్తలేదా మీకు?”

వినబడుతోంది. టకటక టకటక. వంశీధర్‌రావు గుండెల మీద చెయ్యి వేసుకుని ఊపిరి వదిలాడు. నవనీత అప్పటికే జీపు వైపు పరుగెత్తుతోంది.

*

నాలుగు నిమిషాల్లో చేరారు. వాడంతా సాంచెల చప్పుడు. షెడ్డు ముందు రాజేశం బీడీ పారేసి లేచాడు. నవనీత అతణ్ని దాటుకుని సక్కుబాయి ఇంట్లోకి దూరింది, వెనకే వంశీధర్‌రావు.

ఇల్లు ఖాళీగా ఉంది. చేస్తూ చేస్తూ వదిలేసిన బీడీ ఒకటి నేల మీద, చుట్టు సగంలో విడిపోయి ఉంది. తునికాకులు చెల్లాచెదురుగా పడ్డాయి. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది. పళ్లెం మాత్రం గిన్నె మీద అలాగే నిలబడి ఉంది.

“షెడ్డు నడుస్తనే ఉన్నది గద,” అన్నాడు వంశీధర్‌రావు గట్టిగా, చప్పుడు మీదుగా. “వాడు లోపల ఉంటె ఈమె ఎటు పోయింది?”

నవనీత పళ్లెం వైపు వేలు చూపించింది. గోడ అవతల నాలుగు సాంచెలు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి. పళ్లెంలో తంబాకు సక్కుబాయి చేత్తో నడుమకు జరిపిన కుప్ప జరిపినట్టే ఉంది. నవనీత గోడ మీద అరచెయ్యి పెట్టింది. గోడ చల్లగా, నిశ్చలంగా ఉంది.

వంశీధర్‌రావు కూడా వచ్చి తన చెయ్యి పక్కన పెట్టాడు. ముఖం పాలిపోయింది. “డబ్బనా?”

“డబ్బనే. నిన్నటిదే మల్ల పెట్టిండు.” తన గుట్టు ఎట్లా బయటపడిందో రాంచందర్‌కు ఇప్పటికీ తెలియదు. పెరట్లో నుంచి పోతుంటే ముసలామె చూసిందనే అనుకుంటున్నాడు. “వాడు సాంచెల దగ్గర లేడు వంశీ. అర్ధగంట నుంచి లేడు.”

అప్పుడు పళ్లెంలో తంబాకు ఎగిరింది.

ఇద్దరూ చూశారు. కుప్ప అంచున పొడి రెండుసార్లు ఎగిరి పడింది. ఆగింది. మళ్లీ రెండుసార్లు. సాంచె దెబ్బ ఇలా ఉండదు. ఇది మడిమ దెబ్బ. షెడ్డు మనుషులు పిలుచుకునే పిలుపు. ఈ రాతి మీదే, ఈ గోడకు అవతల, గట్టిగా అరిచినా ఎవరికీ వినపడని చప్పుడు మధ్యలో, సక్కుబాయి కాలు ఒకటి ఇంకా స్వాధీనంలో ఉంది.

నవనీత చెప్పు విడిచి మడిమతో నేలను రెండుసార్లు కొట్టింది. విన్నాను పెద్దమ్మా, వస్తున్నాను.

తంబాకు వెంటనే ఎగిరింది. ఈసారి ఒక్కసారే ఎగిరింది. రెండోదాని కోసం ఇద్దరూ పళ్లెం మీదికి వంగారు. రెండోది రాలేదు.

ముందు తలుపుకు దగ్గరగా ఉన్నది వంశీధర్‌రావు. పిస్తోలు ఉన్నదీ అతని దగ్గరే.

“వంశీ!” అని అరిచింది నవనీత. “షెడ్డులనే ఉన్నది. నువ్వే ముంగట పో, తలుపు పలగ్గొట్టు. నా కోసం చూడకు, ఉరుకు!”

అతను ఉరికాడు. ఆమె పెరటి తలుపు వైపు తిరుగుతూ చివరిసారి పళ్లెం చూసింది. తంబాకు కదలడం లేదు.